వెనక ముఖం

"ఆ మాస్కు జర తీయవ్వా, ఫొటో ఖరాబైతుంది," కెమెరా కంటికి ఆనించుకునే అంది ప్రజ్ఞ.

పత్తి ఏరుతున్న లస్మవ్వ తల వెనక మనిషి ముఖం మాస్కు కట్టి ఉంది. చేనులో ఆడవాళ్లందరికీ అట్లాగే ఉంది.

"పులి ఎనుకకెల్లే మీద వడ్తది బిడ్డా. మొఖం కనవడితే జంకుతది. మొన్న పక్క చేన్లనే ఒకామెను గుంజుకపోయింది."

ప్రజ్ఞ కెమెరా దించింది. అయినా ఊరుకోలేక, "పోనీ, ఒక్కసారి కెమెరా దిక్కు సూడు. పొద్దటి సంది ఒక్కరు సుత సూస్తలేరు," అంది.

లస్మవ్వ చూడలేదు. ప్రజ్ఞ అప్పటిదాకా తీసిన ఫొటోలను తెర మీద తిప్పింది. ప్రతి దాంట్లోనూ ఎవరో ఒకరు తన భుజం మీదుగా, తన వెనకున్న అడవినే చూస్తున్నారు.

మెడ తిప్పే ధైర్యం రాలేదు. "నా ఎనుక... ఉన్నదా?"

"ఇప్పటిదాంక లేదు. అడవికి వీపు పెట్టి నిలవడ్డవని వంతులేసుకొని కావలి కాస్తున్నం." లస్మవ్వ తన మాస్కు విప్పి ప్రజ్ఞ తల వెనక కట్టింది. "ఇగ నువ్వు ఫొటోలు తీసుకో. మేం ఏరుకుంటం."

ఆమె తన సాలులోకి పోయి, అడవికి వీపు పెట్టి వంగింది. తల వెనక ఏమీ లేదు.

ప్రజ్ఞ కెమెరా మూసి, ఆమె వెనకే అడవి వైపు తిరిగి నిలబడింది.