గుంజి చూసేవాడు

"మళ్ల వచ్చిండు!" అని జనార్దన్ నెత్తి కొట్టుకున్నాడు.

ముసలాయన మెషిను పక్కన గొంతుక్కూర్చుని, జనార్దన్ అప్పుడే నొక్కి ముగించిన ఇత్తడి రింగును వేళ్ళతో పట్టుకుని గట్టిగా గుంజాడు.

రింగు ఊడలేదు.

తల ఊపి తర్వాతి మెషిను దగ్గరికి జరిగాడు.

తాండూరులో ముక్తార్ సేట్ కొత్తగా పెట్టిన నాపరాళ్ళ పాలిష్ ఫ్యాక్టరీ అది. జనార్దన్ వైర్లు కట్టడానికి వికారాబాద్ నుంచి వచ్చాడు. పొద్దు గూకేలోగా కరెంటు ఇవ్వాలి. మధ్యలో ఈ శని!

ఎవరో, ఏ ఊరో తెలియదు. పొద్దున కూలీలతో పాటు గేటు దాటి వచ్చాడు. పని అడగలేదు, మంచినీళ్ళు కూడా అడగలేదు. జనార్దన్ నొక్కడం, ఈయన గుంజడం. పొద్దుటి నుంచీ ఇదే వరస.

పాలిష్ ఫ్యాక్టరీలో నేల ఎప్పుడూ తడే. అందుకని మెషిన్లకు రాగి జాలీ అల్లిన వైరు వేస్తారు. ఎక్కడైనా కరెంటు కారితే ఆ జాలీయే దాన్ని భూమిలోకి పంపేస్తుంది. జాలీ చివర రింగు తొడిగి, డై అనే అచ్చు బిగించిన పట్టకారుతో నొక్కాలి. ఏ సైజు రింగుకు ఆ సైజు డై. డై వదులైతే జాలీ ఊడుతుంది. ఊడిందంటే కారిన కరెంటంతా మెషిను ఒంటినిండా పాకుతుంది.

ఇదంతా జనార్దన్‌కు తెలుసు. తెలిసినవాడి పనిని దారినపోయేవాడు గుంజి చూస్తే మండదా?

"నీకు కరెంటు పని వచ్చా పెద్దాయనా?"

"రాదు సారు."

"మరి గుంజుడెందుకు?"

"ఊడేదుంటె ఇప్పుడే ఊడని అని."

జనార్దన్ పట్టకారు కింద పడేశాడు. "సేట్! గీయన్ని జర బయటికి పంపుండ్రి. నా పని మీద నమ్మకం లేకుంటె నేనే పోత!"

ముక్తార్ సేట్ నవ్వాడు. "చూడనీ భాయ్, నీకేం నష్టం? పోయినేడు కొడంగల్ రోడ్డు ఫ్యాక్టరీల ఒక పోరడు సచ్చిపాయె. అందరికీ ఫికరే. ఆడ వైర్లు కట్టింది నువ్వే గద?"

ఏడాదిగా ఎక్కడికి పోయినా ఇదే ముచ్చట! జనార్దన్‌కు ఒళ్ళు మండిపోయింది.

"వాడు తడి చేతుల్తోని ముట్టుకున్నడు సేట్. తెలివి లేనోడు. వాడట్ల జేస్తె నా వైర్లేం జేస్తయి?"

ముసలాయన చెయ్యి రింగు మీద ఆగిపోయింది. కాసేపటికి మళ్ళీ గుంజాడు. అదీ ఊడలేదు.

ఇక పెద్ద మెషిను మిగిలింది. దాని రింగుకు సరిపోయే డై సంచిలో లేదు. వికారాబాద్‌లో ఇంట్లోనే ఉండిపోయింది. ఉన్నవాటిలో ఒకటి రింగును చితక్కొడుతుంది, ఇంకొకటి వదులు.

ఇలాంటివి సర్దడం జనార్దన్‌కు కొత్త కాదు. సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం తీసి జాలీకి చుట్టాడు. పైన రింగు తొడిగి, వదులు డైతోనే ఒకటికి రెండుసార్లు నొక్కాడు. పైకి చూస్తే అన్నిటికంటే అదే అందంగా కనబడింది.

ముసలాయన చెయ్యి చాచాడు.

జనార్దన్ ఆ చేతిని విసిరికొట్టాడు. "దీన్ని ముట్టినవంటె మంచిగుండదు!"

"గిదొక్కటే మిగిలింది సారు. ఒక్కసారి."

"పోతవా, మెడ పట్టి గెంటాల్నా?"

ముసలాయన రింగు వైపు చూశాడు. బకెట్ పట్టుకుని, ఉత్త కాళ్ళతో నీళ్ళలో నిలబడిన కూలి భాగమ్మ వైపు చూశాడు.

"బిడ్డా, జర ఎడంగ నిలబడు" అని చెప్పి గేటు వైపు నడిచాడు.

పీడ విరగడైంది అనుకున్నాడు జనార్దన్.

సేట్ మెయిన్ స్విచ్ దగ్గరికి వెళ్ళాడు. "వెయ్యాల్నా భాయ్?"

వెయ్యమనబోయి ఆగాడు జనార్దన్. ఎడంగా నిలబడమంటే అప్పుడే మరిచిపోయినట్టుంది ఆ మహాతల్లి! భాగమ్మ తడి చెయ్యి పెద్ద మెషిను మీద ఆనించి నిలబడింది.

"థూ! ఆయన పిచ్చి నాకు గూడ పట్టింది" అని తిట్టుకుంటూ వంగి రింగును గుంజాడు.

రింగు, వెండి కాగితం రెండూ చేతిలోకి వచ్చేశాయి.

"ఆగుండ్రి సేట్! మెయిన్ వెయ్యకుండ్రి!"

సేట్ ఎగిరిపడ్డాడు. రోజంతా ఖరాబ్ చేశావన్నాడు, ఇంకోణ్ణి పిలిపిస్తానన్నాడు. తాను వికారాబాద్ పోయి డై తెచ్చేదాకా మెషిను ముట్టొద్దని చెప్పి, జనార్దన్ ముసలాయన కోసం గేటు బయటికి పరుగెత్తాడు.

రోడ్డు మీద ఎవరూ లేరు. కొడంగల్ బస్సు అప్పుడే పోయిందట.

భాగమ్మ వెనకాలే వచ్చింది.

"ఎవరమ్మా ఆయన? రేపు వస్తడా?"

"రాడు సారు. మా ఊరాయనే, ఈరయ్య తాత. నువ్వు ఏ ఫ్యాక్టరీల పని జేసినా, నువ్వు పోయినంక ఆడికి పోయి గిట్లనే గుంజి చూస్తడు. కరెంటు ఇయ్యకముందే చూడాలని గీడికి ముందే వచ్చిండు. నీతోని చెప్పొద్దన్నడు. ఇయ్యాల నీ మాట ఇన్నంక ఇంకేం మొకం పెట్టుకొని వస్తడు?"

"నేనేమన్న?"

భాగమ్మ తడి చేతులు కొంగుకు తుడుచుకుంది.

"తడి చేతుల్తోని ముట్టుకున్నడు, తెలివి లేనోడు అంటివి గద సారు, ఆ పోరడు ఈయన కొడుకే."