ఏడో నెల ములాఖత్

చెడిపోయిన బాయిలర్‌ని బాగుచేయించని యజమాని బయట దర్జాగా తిరుగుతున్నాడు. అది పేలుతుందని మూడుసార్లు మొత్తుకున్న ఆపరేటరు, ఆ పేలుడు నేరం నెత్తిన పడి జైల్లో ఉన్నాడు.

అతను జైలుకొచ్చిన ఏడో నెలలో ములాఖత్‌కి వచ్చిన అతని భార్య బల్ల మీద కుదురుగా కూర్చోలేకపోయింది. ఇనుప జాలీకి అవతల అతను కనిపించగానే, "బెయిలు మళ్లీ కొట్టేశారు" అంది.

అతను తలూపాడు. "పోనీలే. నువ్వు మాత్రం ప్రార్థన మానకు."

ఆమె విసురుగా లేచి నిలబడింది. బస్సులో వస్తున్నంతసేపూ దాచుకున్న మాట బయటికొచ్చేసింది.

"మానేసి మూడు నెలలైందండీ. ప్రభువా అనగానే కోపం ముంచుకొస్తోంది, ఆపైన మాట రావట్లేదు. చర్చిలో ఊరికే పెదవులు కదుపుతున్నా. మీరు చేస్తున్నారు కదా అని, ఆ ధైర్యంతోనే బతుకుతున్నా."

అతను జాలీ పట్టుకుని ఆమె వైపు వంగాడు.

"నాకూ రావట్లేదే. ఇక్కడికొచ్చిన కొత్తల్లోనే ఆగిపోయింది. నువ్వు చేస్తున్నావు కదా అనుకున్నా."

టైమైపోయిందని జవాను కేకేశాడు. ఇద్దరిలో ఎవరూ కదల్లేదు.

"మరైతే," అంది ఆమె నెమ్మదిగా కూర్చుంటూ, "ఇన్నాళ్లూ మనల్ని నిలబెట్టిందెవరండీ?"