ముఖం చెప్పిన సాక్ష్యం

కొత్తింటి తాళాలు రెండోసారీ పోయాయి. మొదటి జత పోయినప్పుడు ఇంకో జత ఇచ్చిన ఆ ఇంటి ఓనరు, ఈసారి దొరక్కపోతే ఇల్లు వేరేవాళ్ళకి ఇచ్చేస్తానని తెగేసి చెప్పాడు.

కోడలు ఇల్లంతా జల్లెడ పట్టి, చివరికి వంటింట్లో అత్తగారి ఎదుట నిలబడింది.

"అత్తయ్యా, మేం వేరే కాపురం పెట్టడం మీకిష్టం లేదని తెలుసు. తాళాలు మీరేమైనా తీశారా?"

"నేనా? నాకెందుకే అవి!"

అందో లేదో పెద్దావిడ ముఖం కందగడ్డలా అయిపోయింది.

"అదిగో! నోరు కాదంటోంది, ముఖం ఔనంటోంది."

పెద్దావిడకి ప్రాణం చచ్చిపోయింది. ఈ పాడు ముఖంతో ఎప్పుడూ ఇదే గొడవ. వేడినీళ్ళు పోసుకున్నా, పక్కనెవరైనా సెంటు కొట్టుకొచ్చినా, కాస్త గట్టిగా అడిగినా భగ్గుమంటుంది. ఒక డాక్టరు వయసన్నాడు, ఇంకొకాయన అంతా మీ మనసులోనే ఉందన్నాడు. ఇప్పుడు మనవరాలు గుమ్మంలోంచి గుడ్లప్పగించి చూస్తోంది. దొంగ నానమ్మ ఒళ్ళోకి ఆ పిల్ల మళ్ళీ వస్తుందా?

మెడ నిండా దద్దుర్లు లేచాయి. కడుపు మెలిపెట్టింది. కళ్ళు తిరిగి కూలబడింది. కోడలు హడలిపోయి ఆస్పత్రికి పరుగెత్తించింది.

డాక్టరమ్మ ముందు సూది వేసి గండం గట్టెక్కించింది. దద్దుర్లు ఉండగానే రక్తం తీయించింది. బాగా తేరుకున్నాక పిలిపించి మళ్ళీ తీయించింది. రెండు ఫలితాలూ పక్కపక్కన పెట్టి చూస్తే, దద్దుర్లప్పటి అంకె బాగా ఎక్కువుంది.

"మన ఒంట్లో కాపలా కణాలుంటాయమ్మా, మాస్ట్ కణాలని. మీవాటికి కంగారెక్కువ. చీమ చిటుక్కుమంటే చాలు, ఊరంతా లేపుతాయి. ముఖం ఎర్రబడటం, దద్దుర్లు, అన్నీ వాటి గోలే."

"అయితే ఆ రోజు..." కోడలు నసిగింది. "అబద్ధం చెప్పినందుకు ఎర్రబడలేదా?"

"మీరు గద్దిస్తే, నిజం చెప్పినా ఎర్రబడతారు."

కోడలు తల వంచుకుంది.

రోజూ వేసుకోవడానికి రెండు రకాల మాత్రలు, ప్రాణం మీదికొస్తే పొడుచుకోవడానికి ఒక సూది రాసిచ్చి, వీటితో నెమ్మదిస్తే జబ్బు ఇదేనని ఖాయం అంది డాక్టరమ్మ.

నెమ్మదించింది. వేడినీళ్ళకీ, సెంటుకీ ముఖం చలించడం మానేసింది. ఈలోగా కొత్తిల్లు ఎవరో ఎగరేసుకుపోయారు.

"పోతే పోయింది, ఇక్కడే పడుంటాం," అంటూ కోడలు అత్తగారి చేతులు పట్టుకుంది. "ముఖం చూసి నింద వేశాను, మనసులో పెట్టుకోకండి. ఊరికే అడుగుతున్నా, ఆ తాళాలు తర్వాతెక్కడైనా కనబడ్డాయా?"

"లేదు తల్లీ," అంది పెద్దావిడ, కోడలి కళ్ళలోకి సూటిగా చూస్తూ.

ముఖం పాలమీగడలా చల్లగా ఉంది. మనవరాలొచ్చి ఒళ్ళో వాలింది.

ఎంత మంచి మాత్రలో అనుకుంటూ, పిల్లకి గుచ్చుకోకుండా, బొడ్లో దోపుకున్న కొత్తింటి తాళాల జతలు రెండింటినీ మెల్లిగా పక్కకి జరుపుకుంది.