గ్రౌండులో సిలువలు

జీపు దిగిన మనిషి చేతిలో టేపు చూడగానే మణెమ్మ బజ్జీల మూకుడు దించేసి, గ్రౌండులోకి వెళ్లి అడ్డం నిలబడింది.

నూనె మిల్లు తన వాలీబాల్ టీమును నంద్యాల నుంచి కర్నూలుకు మార్చి రెండేళ్లయింది. మిల్లు కాలనీలో సాయంత్రాలు చచ్చిపోయాయి. ఖాళీ గ్రౌండు మీద ప్లాట్లోళ్ల కన్ను పడింది. టీము ఎప్పటికైనా తిరిగొస్తుందని మణెమ్మ ఆశ. అందుకే మొన్న మొగుడు దావీదు చేత, అంపైరు కుర్చీ చెక్కలతో నాలుగు సిలువలు చేయించి అక్కడ నాటించింది.

"ఏందప్పా కొలుస్తాండావ్? ఈడ మావాళ్లను పూడ్చినాం."

ఆ మనిషి గబగబా టేపు చుట్టేసి, చెప్పులు విడిచాడు.

"తెలీదమ్మా. నేను మిల్లు టీముకు కొత్త కోచ్‌ను. పిల్లోళ్లకు కర్నూలు పడల్యా. మళ్లా ఈ గ్రౌండే కావాలంటాండారు."

ప్లాట్లోళ్లు ఇంతకంటే తియ్యటి కతలు చెప్పారు.

"అయితే సమాధుల మీద ఆడతారా?" అంది మణెమ్మ.

"అంత పాపం యాడ చేస్తాం లేమ్మా. ఆళ్లగడ్డలో ఇంకో జాగా ఉందంట. ఆడికే పోతాం."

ఆయన సిలువల ముందు కాసేపు తల వంచి నిలబడి, వెళ్లి జీపెక్కాడు.

"ఎట్లా తరిమినానో చూసినావా?" అంది మణెమ్మ దావీదుతో.

దావీదు రోడ్డు వైపు చెయ్యి చూపాడు. మలుపు తిరుగుతున్న జీపు వెనక నుంచి రెండు నెట్టు స్తంభాలు బయటికి పొడుచుకొచ్చి కనిపించాయి. వాటి మీది ఎరుపు చారలు, టీము ఇక్కడున్నప్పుడు మణెమ్మ వేసినవే.