కింది రెండు కుట్లు

ఆ రోజు కెనడాలోని హాలిఫాక్స్‌లో డూసే ఇంట్లో ఉన్నది ఐదుగురు. ముందు గదిలో పెళ్లి గౌన్లు అమ్మే డూసే, కేప్ బ్రెటన్ దీవిలోని ఇన్వర్‌నెస్ నుంచి నాలుగు గంటలు కారులో వచ్చిన పెళ్లికూతురు షీనా, ఆమె తల్లి ఫ్లోరా, పిన్ని పెగ్గీ, కోటుకి ఊడిపోయిన గుండీ కుట్టించుకుందామని వచ్చి మూల కుర్చీలో కూర్చున్న ఒక ముసలావిడ.

ఆవిడెవరని ఎవరూ అడగలేదు.

షీనా ఎనిమిదో గౌను వేసుకుని వచ్చింది. గొంతు దాకా లేసు.

“పెళ్లికూతురిలా లేవే. కాన్వెంటు గోడ దూకొచ్చిన సన్యాసినిలా ఉన్నావు,” అంది పెగ్గీ.

“నువ్వూరుకో. దానికి మెడ దాకా ఉన్నదే కావాలి,” అంది ఫ్లోరా.

షీనా ఛాతీ మధ్య జానెడు పొడుగున కుట్ల మచ్చ ఉంది. పుట్టిన నాలుగో రోజున గుండెకు ఆపరేషన్ చేశారు. ఎంత ఎండ మండినా ఆమె చొక్కా పై గుండీ విప్పి ఎరగదు.

డూసే తొమ్మిదోది తెచ్చింది. దాని మెడ కిందికి ఉంది.

“ఒక్కసారి వేసుకు చూడమ్మా. నచ్చకపోతే విప్పేద్దువు గాని,” అని కొలత టేపు కోసం లోపలికి వెళ్లింది.

షీనా అద్దం ముందుకు రాగానే పెగ్గీ కూడా ఎగతాళి మరిచి లేచి నిలబడింది.

షీనా తనను తాను కళ్లప్పగించి చూసుకుంది. అంతలోనే అరచేయి ఛాతీ మీదికి వెళ్లిపోయింది.

“నాకు ఇదే కావాలని ఉందమ్మా. కానీ చర్చి నిండా జనం ఈ మచ్చనే చూస్తారు.”

మూల కుర్చీ కిర్రుమంది.

“చెయ్యి తియ్యి తల్లీ,” అంటూ ముసలావిడ దగ్గరికొచ్చింది.

ఆ గొంతులో ఏముందో గాని, షీనా తీసేసింది.

ముసలావిడ కళ్లజోడు సర్దుకుని, తగలనివ్వకుండా మచ్చ వెంబడే వేలు పైనుంచి కిందికి నడిపింది.

“నువ్వెవరమ్మాయివి?”

“ఇన్వర్‌నెస్‌లో రోరీ కూతుర్ని.”

“ఎన్నేళ్లు?”

“ఇరవై ఆరు.”

“డాన్సు చేస్తావా?”

షీనాకు నవ్వొచ్చింది. “మా ఊళ్లో ఫిడేలు మోగిందంటే నన్ను కూర్చోబెట్టే మొనగాడు లేడు.”

“అంతగానా!” ముసలావిడ సముద్రాన్ని మొదటిసారి చూసిన పిల్లలా నిలబడిపోయింది. “ఈ గౌనే తీసుకో. దాచకు.”

మళ్లీ వంగి చూసి, మెల్లగా అంది. “కింది రెండు కుట్లే వంకరపోయాయి.”

షీనా మొహం వాడిపోయింది.

ఫ్లోరా గభాలున లేచింది.

“ఏమన్నావ్? ఆ కుట్లకే వంక పెడతావా? బాలింతనని నన్ను మంచం దిగనివ్వలేదు. నా బిడ్డను ఒంటరిగా హెలికాప్టర్లో ఈ ఊరు పంపించాను. కాపాడిన మహానుభావుడి మొహం కూడా చూడలేదు. ఆయన చేతులు చల్లగా ఉండాలని ప్రతి ఆదివారం కొవ్వొత్తి వెలిగిస్తున్నాను, తెలుసా?”

“ఇరవై ఆరేళ్లుగానా?” అంది ముసలావిడ.

“నీకెందుకు? ముందు బయటికి నడు.”

ఫ్లోరా మూల కుర్చీలోంచి ముసలావిడ కోటు తీసి ఆమె చేతిలో కుక్కి, రెక్క పట్టుకుని వీధి గుమ్మం దాటించింది.

ముసలావిడ మెట్టు మీద ఆగి, ఫ్లోరా భుజం పైనుంచి అద్దం ముందున్న అమ్మాయినే తనివితీరా చూసింది.

“అమ్మా, ఆవిణ్ణి వదిలెయ్. నేను ఇదే తీసుకుంటాను,” అంది షీనా. చెయ్యి మచ్చ మీద లేదు.

“లోపల, గుండెకు వేసినవి మాత్రం తిన్నగానే వేశాను తల్లీ,” అని ముసలావిడ అంటూండగానే ఫ్లోరా ఆమె మొహం మీద తలుపు వేసేసింది.