నూటికి పద్దెనిమిది

మహీధర్ ఆ ఉదయం ఏడోసారి ఇంక్యుబేటర్ మూత తీశాడు.

ఐదు గుడ్లు చిట్లాయి. ఐదింటిలోంచీ చిన్న చిన్న పాముతలలు బయటికి చూస్తున్నాయి. ఐదూ గోధుమరంగే. ఆరో గుడ్డు మాత్రం ఉలుకూ పలుకూ లేకుండా పడి ఉంది.

"మాటిమాటికీ తీస్తే వేడి పోతుందని మీరే అన్నారుగా," అంది భార్య వాసంతి, గుమ్మం అవతలి నుంచే. పాములు ఇంటికొచ్చిన రెండేళ్లలో ఆమె ఆ గుమ్మం దాటలేదు. బల్లిని చూస్తే కుర్చీ ఎక్కే మనిషి. ఇంట్లో రెండు కొండచిలువలున్నాయని పుట్టింటివాళ్లకి ఇప్పటిదాకా చెప్పనేలేదు.

కెనడాలోని విన్నిపెగ్‌లో ఏప్రిల్ వచ్చినా కిటికీ బయట మంచు కరగలేదు. నవంబర్‌లో మహీధర్ ఐటీ ఉద్యోగం పోయింది. ఆ తర్వాత నూట నలభై చోట్ల అప్లై చేసి, విసిగిపోయి మానేశాడు. ఇప్పుడు వేర్‌హౌస్‌లో పెట్టెలు మోస్తున్నాడు. మనిషి నవ్వేది ఆ పాముల గదిలో ఉన్నప్పుడే.

డగ్ అనే ముసలి పెంపకందారు దగ్గర కొన్న జంట అది. పైకి రెండూ మామూలు గోధుమరంగు పాములే. లోపల మాత్రం రెండింటిలోనూ తెలుపు జన్యువు దాక్కుని ఉందన్నాడు డగ్. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండూ కలిసి వస్తేనే పిల్ల తెల్లగా పుడుతుంది. ఒక్కటే వస్తే బయటపడకుండా దాగే ఉంటుంది. అంటే ప్రతి గుడ్డుకీ నాలుగింట ఒక వంతు అవకాశం.

పాము గుడ్లు పెట్టిన రోజు మహీధర్ కాగితం మీద లెక్క వేసి చూపించాడు.

"ఆరింట్లో ఒక్కటైనా తెల్లది రావడానికి నూటికి ఎనభై రెండు ఛాన్స్."

"మిగతా పద్దెనిమిదో?" అంది వాసంతి.

ఆ మాట అతనికి గుచ్చుకుంది. "ఆ పద్దెనిమిదే వస్తే పాముల్ని ఎవరికైనా ఇచ్చేస్తాను. ఇక అప్లికేషన్లూ వద్దు, ఆశలూ వద్దు. నా లెక్క ఒక్కటైనా నిజమవుతుందో లేదో ఇక్కడే తేలిపోనీ."

"సరే," అంది. ఎంత తొందరగా అందంటే, పాములు పోయే రోజు కోసమే కాచుకుని కూర్చుందని అతనికి అనిపించింది.

ఆ రెండు నెలలూ ఇద్దరికీ కాలు నిలవలేదు. అతను గుడ్ల చుట్టూ తిరిగాడు. ఆమె అతని లెక్కల కాగితం తీసి చూసేది, మళ్లీ మడిచి పెట్టేది. పోయిన వారం నడుం నొప్పని హీటింగ్ ప్యాడ్ కొనుక్కుంది. మంగళవారం స్నేహితురాలు శ్యామల ఇంటికని బస్సెక్కి వెళ్లి సాయంత్రానికి వచ్చింది. అప్పట్నుంచీ బట్టల అలమర సర్దడమే పని. బుధవారం కూర తరుగుతుంటే వేలు తెగిందని బొటనవేలికి ప్లాస్టర్ వేసుకుంది. గుడ్ల గొడవలో పడి మహీధర్ ఇవేవీ పట్టించుకోలేదు. మొగుళ్లకి అది మామూలే.

"ఐదూ ఇలా వచ్చాయంటే ఆరోది తెల్లదే," అన్నాడు మూత వేస్తూ.

"ఎందుకవుతుంది? దాని ఛాన్స్ దానికి పావే. ఏ గుడ్డూ పక్క గుడ్డునడిగి పుట్టదని మీరేగా చెప్పారు."

అతను మొహం గంటు పెట్టుకున్నాడు. "తెల్లది రాకపోతేనే నీకు హాయి."

వాసంతి లంచ్ బాక్సు తెచ్చి చేతిలో పెట్టింది. "షిఫ్ట్‌కి లేటవుతోంది, వెళ్లండి."

వేర్‌హౌస్‌లో ఆ రోజు రెండు పెట్టెలు తప్పు ర్యాకులో పెట్టి మాటపడ్డాడు. బ్రేక్‌లో ఇంటికి ఫోన్ చేస్తే "ఇంకా లేదండీ" అంది. మళ్లీ చేస్తే ఎత్తలేదు. ఒడ్డున పడ్డ చేపలా గిలగిల్లాడాడు.

నాలుగింటికి ఇంటికొచ్చి, బూట్లు కూడా విప్పకుండా గదిలోకి పరిగెత్తాడు.

ఐదు గోధుమరంగు పిల్లల మధ్య ఆరోది ముడుచుకుని ఉంది. మీగడ తెలుపు, మీద పసుపు మచ్చలు, దానిమ్మ గింజల్లాంటి కళ్లు.

ఉద్యోగం పోయిన రోజు కూడా ఏడవని మనిషి ఇప్పుడు ఏడ్చాడు.

"వాసంతీ, చూశావా? నా లెక్క తప్పలేదు."

"చూశాను," అంది గుమ్మంలో నిలబడి. "పెంకు కంపు కొడుతుంటే తీసి పారేశాను."

"నువ్వా? లోపలికొచ్చావా?"

"కళ్లు మూసుకుని వచ్చాలెండి."

అతను నవ్వేశాడు. "వీడు చూడు, ఆఖర్న పుట్టి అందరికన్నా బొద్దుగా ఉన్నాడు," అని మురిసిపోయాడు.

ఆ సాయంత్రం చాలా రోజుల తర్వాత లాప్‌టాప్ తెరిచాడు. నూట నలభై ఒకటో అప్లికేషన్ పెట్టాడు. తర్వాత తెల్లపిల్ల ఫోటో తీసి, థాంక్స్ చెబుతూ డగ్‌కి పంపాడు.

పది నిమిషాల్లో జవాబొచ్చింది.

"మహీ, నన్ను క్షమించు. నీకిచ్చిన ఆడపాము వేరే పెట్టెలోదని నాకు నిన్ననే తెలిసింది. దానిలో తెలుపు జన్యువు లేనే లేదు. ఆ జంటకి తెల్లపిల్ల పుట్టడం జరగని పని. ఇది ఎక్కడి నుంచి వచ్చింది?"

మహీధర్ దాన్ని రెండుసార్లు చదివి, వంటింటి వైపు తలెత్తి చూశాడు.

సింకు దగ్గర గిన్నెలు తోముతున్న వాసంతి బొటనవేలి మీద ప్లాస్టర్ నీళ్లకి నాని ఊడిపోయింది, దాని కింద కత్తిగాటు లేదు, సూదిమొనలంత పళ్లగాట్లు వరసగా ఉన్నాయి.