చప్పిడి దుంగ

ఒకే మామిడి చెట్టు నుంచి వచ్చిన రెండు దుంగల్లో ఒకదాన్ని వడ్రంగి గట్టు మీద వదిలేశాడు. రెండోదాన్ని మడుగులోకి దొర్లించి, తేలకుండా పైన బండరాళ్ళు పెట్టాడు. మడుగులో ఉండే కప్పకి ఏమీ అర్థం కాలేదు.

"ఏం తప్పు చేశావన్నా, నిన్నిలా ముంచేశాడు?" అని అడిగింది.

"నాకూ తెలీడం లేదు. ఒంట్లో తీపంతా నీళ్ళలోకి పోతోంది" అంది దుంగ దిగులుగా.

ఎండలు ముదిరి నీళ్ళు తగ్గాక కర్రలు తొలిచే పురుగు ఒకటి వచ్చింది. గట్టు మీది దుంగని కొరికి, "ఎంత తియ్యగా ఉన్నావు. నీలాంటిది ఈ చుట్టుపక్కల లేదు" అని పిల్లాపాపలతో అందులోనే కాపురం పెట్టింది. మడుగులోంచి బయటపడ్డ దుంగని కూడా కొరికి, "చప్పిడి. ఎందుకూ పనికిరావు" అని ఉమ్మేసింది.

కప్ప అయ్యో పాపం అనుకుంది.

కొన్నాళ్ళకి వడ్రంగి తిరిగొచ్చాడు. గట్టు మీది దుంగని తడితే బోలుగా మోగి, పిండి రాలింది. దాన్ని పొయ్యికని పక్కకి నెట్టాడు. రెండోదాన్ని నిమిరి, "నీళ్ళలో నానింది, దీనికి పురుగు పట్టదు. తలుపుకి ఇదే" అని బండెక్కించాడు.

కప్పకి తల తిరిగింది. పురుగు మెచ్చుకున్నది పొయ్యిలోకి, ఉమ్మేసింది తలుపుకీనా? ఇంతకీ ఎవరి మాట నమ్మాలి?

అంతలో పక్కన ఒక కొంగ వాలింది. "ఎంత లేతగా ఉన్నావు వదినా. నీలాంటిది ఈ చుట్టుపక్కల లేదు" అంది.

కప్ప మురిసిపోబోయి ఆగింది. ఈ మాట ఎక్కడో విన్నట్టుంది. ఎక్కడో గుర్తొచ్చేలోపే కాళ్ళు మడుగు అడుక్కి దూకేశాయి.